తూకం రోజు కనిపించని తల

మా దీవి తీరాన కాట్‌మోన్ ఊళ్లో నోంగ్ టేర్యో చేతి కింద తల వంచని మగవాడు లేడు. మేయరు దగ్గర్నుంచి చేపల పడవల వాళ్ల దాకా అందరూ ఆ ఒక్క కుర్చీలో కూర్చుని లేచినవాళ్లే. అతని అసలు పేరు ఎలెవ్‌టేరియో కబాహుగ్. ఆ పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా వినపడదు. వయసులో పెద్దవాణ్ని నోంగ్ అని పిలవడం మా అలవాటు కాబట్టి ఊరందరికీ నోంగ్ టేర్యోనే. అరవై రెండేళ్ల మనిషి. కత్తెర పట్టి నలభై నాలుగేళ్లయింది. బాక్సింగ్ పిచ్చి మాత్రం అంతకన్నా పాతది.

ఆ పిచ్చి చూడాలంటే ఆదివారం పొద్దున్న చూడాలి. అమెరికాలో శనివారం రాత్రి జరిగే పోటీ మాకు ఆదివారం చర్చిలో పూజ ముగిసే వేళకు వస్తుంది. రేడియోలో అప్పటికప్పుడే చెబుతారు. టీవీలో మాత్రం షాంపూ, నూడుల్సు, దగ్గుమందు అన్నీ అమ్ముకున్నాక గాని రెండో రౌండు మొదలుకాదు. రేడియో విని ఫలితం తెలుసుకున్నవాడు తీరిగ్గా వచ్చి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, టీవీ ముందు కూర్చున్న అమాయకుడితో పందెం కాయడం మా వైపు పాత మోసం. అందుకే టేర్యో తన సెలూన్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు: "ఫలితం ముందే చెప్పినవాడికి సగం తలే గొరుగుతాను." బేకరీ బెంహో ఒకసారి నోరు జారాడు. వాడు వారం రోజులు టోపీ పెట్టుకుని తిరిగాడు.

పోటీ అయిపోయాక టేర్యో తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు వినడానికే కటింగ్ అవసరం లేనివాళ్లు కూడా బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు.

"ఇరవై గెలుపులు, ఓటమి సున్నా. అంటే ఏంటో తెలుసా?" అనేవాడు దువ్వెన ఊపుతూ. "ఇరవై మంది బీదవాళ్లు ఎక్కడినుంచో విమానంలో దిగి, రింగులో పడుకుని, లేచి మళ్లీ విమానం ఎక్కారని. అంతే!"

"మరి మనవాళ్లు జపాన్ వెళ్లి ఓడిపోతారేంటి నోంగ్?" అని ఎవడో ఒకడు కావాలని గిల్లేవాడు.

"అక్కడ మనవాడు చుట్టం కదరా! రెండు వారాల ముందు కబురు పెడతారు. రెండు వారాల్లో ఆరు కిలోలు తగ్గాలి. నీళ్లు మానేసి, చెత్త సంచీ తొడుక్కుని పరిగెత్తి, ఎండుచేపలా ఎండి వెళతాడు. ఇంటివాడు కడుపునిండా తిని నిలబడి ఉంటాడు. చుట్టం మర్యాదగా దెబ్బలు తిని, వంగి నమస్కారం పెట్టి రావాలి. అలా అయితేనే ఇంకోసారి పిలుస్తారు."

ఇవన్నీ పత్రికల్లో చదివి చెప్పినవి కావు. బాక్సర్ల తలలు అతని చేతికి తెలుసు. పోటీకి ముందు శుక్రవారం కటింగ్ చేయించుకోవడం మా కుర్రాళ్లకు ఆనవాయితీ. నీళ్లు మానేసి బరువు దించుకున్నవాడి నెత్తి చర్మం పుర్రెకు అంటుకుపోయి ఉంటుంది. వేడి తువ్వాలు కప్పినా చెమట పట్టదు. వెంట్రుక దువ్వెనకు పుటుక్కున తెగుతుంది. ఆ తలను వేళ్లతో తడిమి, "వీడు ఆరో రౌండు దాటడు" అని టేర్యో మనసులో అనుకుంటే చాలావరకు అదే జరిగేది.

మనసులో అనుకునేవాడు, అంతే. పైకి చెప్పేవాడు కాదు. చెబితే పోటీ ఆగిపోతుంది. పోటీ ఆగిపోతే చూసేదేముంది? మేం అభిమానులం. మా ప్రేమ ఈపాటిదే.

ఊరికి తెలియని సంగతి ఒకటి ఉంది. అతని భార్య సిద్రా ఒక్కదానికే తెలుసు.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం డోమెర్ సెనీసా అనే బాక్సరు పసుపు చొక్కా వేసుకుని సెలూన్ ముందునుంచి నడిచి వెళ్లాడు. టేర్యో గుమ్మంలో నిలబడి బ్రష్షు దులుపుతున్నాడు. చొక్కా కాలరు దాకా మనిషి ఉన్నాడు. కాలరు పైన సముద్రం కనిపించింది. రెండు పడవలు కూడా కనిపించాయి. చెయ్యి ఎత్తి, "నోంగ్, రేపు ముందు వరసలో కూర్చోవాలి మీరు" అన్న మాట మాత్రం ఆ ఖాళీలోంచే వచ్చింది. టేర్యో కళ్లు నులుముకుని చూసేసరికి డోమెర్ తలా, పళ్లన్నీ బయటపెట్టిన నవ్వూ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

అలా తల లేకుండా మనిషి కనిపిస్తే ఏం చెయ్యాలో మా ఊళ్లో ఆరేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. ఆ మనిషికి అప్పటికప్పుడు చెప్పాలి. అప్పుడు ఒంటి మీదున్న బట్ట విప్పించి, మట్టిలో పాతిపెట్టాలి. మనిషికి బదులు బట్ట పోతుంది. చెయ్యకపోతే బట్ట ఉంటుంది, మనిషి పోతాడు.

టేర్యో చెప్పలేదు. చెబితే డోమెర్ బెదిరిపోతాడనీ, పోటీ రద్దవుతుందనీ అనుకున్నాడు. ఆ పోటీ కోసం మూడు నెలలుగా కాచుకుని ఉన్నాడు. చూడాలనిపించింది. కారణం అదొక్కటే, ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇంకోటి దొరకలేదు. పోటీ బ్రహ్మాండంగా జరిగింది, పది రౌండ్లూ. డోమెర్ గెలిచాడు. ముందు వరసలో టేర్యో గొంతు పోయేలా అరిచాడు. మూడో రోజున డోమెర్ ఆసుపత్రిలో చనిపోయాడు. శవపేటికలో పెట్టేముందు జుట్టు సరిచెయ్యడానికి వాళ్ల అమ్మ టేర్యోనే పిలిపించింది.

ఇక జొవానీ సంగతి.

జొవానీ సుమాలినోగ్‌కు ఇరవై మూడేళ్లు. తండ్రి లేడు. తల్లి వరిగెలు నానబెట్టి, కొబ్బరిపాలు పోసి వండి, అరిటాకుల్లో బుద్‌బుద్ చుట్టి రోడ్డు మీద అమ్ముతుంది. పన్నెండు పోటీలు గెలిచాడు, ఒకటి ఓడాడు. ఆ ఓటమి కూడా టేర్యో లెక్క ప్రకారం జడ్జీల గుడ్డితనమే. ఫిబ్రవరిలో ఊరి పండగ, ఫియెస్టాకు, పెద్ద పోటీ వీడిదే. ఎదుటివాడు బుకిడ్నోన్ కొండల నుంచి వచ్చిన రెండెల్ మలూబాయ్. గెలిచినవాణ్ని మే నెలలో జపాన్‌లో పోటీకి పంపుతామని మాట ఇచ్చి ఉన్నారు. జొవానీకి శిక్షణ ఇచ్చే ఓందో పిలపిల్‌కు జపాన్ వాళ్లతో ఫోన్ సంబంధాలున్నాయి. మా తీరంలోంచి అక్కడికి ఎవరు వెళ్లాలన్నా అతని నోటిమీదుగానే వెళ్లాలి.

శుక్రవారం కటింగ్‌కు వచ్చినప్పుడు జొవానీ తల అట్టలా ఉంది.

"నీళ్లు తాగి ఎంతసేపైంది డోంగ్?" అని అడిగాడు టేర్యో. చిన్నవాణ్ని మేం డోంగ్ అంటాం.

"నిన్న పొద్దున్నండి. అడక్కండి నోంగ్, నీళ్లు అన్న మాట వింటేనే నాలుక లాగుతోంది."

"మూడు పౌన్లు ఎక్కువ బరువులో ఆడితే ఏం పోయింది?"

"జపాన్ వాళ్లకి కావాల్సింది నూట పన్నెండు పౌన్లవాడే కదా. నేను నూట పదిహేను అంటే ఇంకొకణ్ణి చూసుకుంటారు."

టేర్యో ఇంకేం మాట్లాడలేదు. అద్దంలో జొవానీ మొహం వైపు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. చెవులూ, ముక్కూ, ఎడమ కనుబొమ్మ మీద పాత కుట్టూ అన్నీ ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం మూడింటికి మునిసిపల్ హాల్లో తూకం. పైన ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. జొవానీ నిక్కరుతో ఎక్కితే ముల్లు అరపౌను ఎక్కువ చూపించింది. ఇలాంటప్పుడు నిక్కరు కూడా విప్పేసి ఎక్కుతారు. ముందర ఇద్దరు తువ్వాలు అడ్డం పట్టుకుంటారు. ఓందో ఒక కొసా, సహాయకుడొకడు ఇంకో కొసా పట్టుకున్నారు. జనం ఈలలు వేశారు. "ఇంకాస్త కిందికి దించండ్రా!" అని వెనకనుంచి ఒక ఆడగొంతు అరిచింది. అందరూ నవ్వారు. టేర్యో కూడా నవ్వుతూనే తల ఎత్తాడు.

తెల్ల తువ్వాలు. దాని పైన రెండు భుజాలు. మెడ మొదట్లో సాంతో నిన్యో, అంటే బాల యేసు, పతకమున్న సన్నని గొలుసు. గొలుసు దేని చుట్టూ ఉందో ఆ మెడ లేదు. దాని పైన ఏమీ లేదు. వెనక గోడ మీద మేయరు నవ్వుతున్న పోస్టరు అడ్డులేకుండా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కనిపించింది.

"ఎంతుంది?" అని జొవానీ గొంతు అడిగింది, ఆ ఖాళీలోంచి.

"నూట పన్నెండు. సరిగ్గా!" అన్నాడు తూకం అధికారి, తల ఎత్తి ఆ ఖాళీ వైపే చూసి నవ్వుతూ.

చప్పట్లు మోగాయి. తువ్వాలు కిందికి దిగింది. నిక్కరు ఎక్కించుకుంటూ జొవానీ మొహమంతా వికసించి నిలబడి ఉన్నాడు.  టేర్యో పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుని ఆగాడు. పదకొండేళ్ల తర్వాత మళ్లీ అదే. ఈసారి మాత్రం చెప్పాలి. చెప్పకుండా ఇల్లు చేరితే సిద్రా మొహం చూడలేడు.

మెట్ల కింద ఓందోను మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఓందో, వీడి తల కనిపించలేదు."

"ఎవడి తల?"

"జొవానీది. తూకం ఎక్కినప్పుడు. భుజాల దాకానే ఉన్నాడు."

ఓందో మొహంలో నవ్వు ఆరిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పొద్దున్నించీ కల్లు ఎన్ని ముంతలు లాగించావ్?"

"చుక్క ముట్టలేదు. సాంతో నిన్యో మీద ఒట్టు."

అప్పటికే జొవానీ వచ్చి సీసాడు నీళ్లు గటగటా తాగుతున్నాడు. విన్నాడు. నీళ్లు పొరబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక నవ్వబోయాడు గానీ నవ్వు కుదరలేదు.

"పాతిపెట్టాలంటే బట్ట ఉండాలిగా నోంగ్? ఆ టైముకి నా ఒంటి మీద నూలుపోగు లేదు. ఏం పాతిపెడతారు, నా తోలా?"

 టేర్యో ఇది ఆలోచించలేదు. మా తాతలు చొక్కా గురించి చెప్పారు, లుంగీ గురించి చెప్పారు. తువ్వాలు వెనక బరిబాతల నిలబడ్డవాడికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పి పోలేదు.

"ఆ తువ్వాలే," అన్నాడు ఓందో చివరికి. "వాణ్ని కప్పింది అదేగా. అదే బట్ట అనుకోవాలి."

"అది వాడి ఒంటికి తగల్లేదు ఓందో."

"తగిలింది! నా మోచెయ్యి వణికి ఒకసారి తగిలింది. నేను చూశా."

చూశాడో లేదో దేవుడికెరుక. భయపడినవాళ్లం ఆచారాన్ని కూడా మాకు వీలుగా సర్దుకుంటాం. సాయంత్రం అయిదింటికి సెలూన్ వెనక మునగ చెట్టు కింద మోకాలి లోతు గొయ్యి తీసి తువ్వాలు పాతిపెట్టారు. మట్టి జొవానీయే తొక్కాడు. సిద్రా కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చెప్పింది. తర్వాత జొవానీ అక్కడే చాప మీద కూర్చుని చేపల పులుసుతో కొబ్బరాకు బుట్టల్లో ఉడికిన అన్నం మూడు బుట్టలు తిన్నాడు. తింటుంటే నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమట చూసి టేర్యోకు గుండె తేలికైంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

ఆదివారం రెండింటికి చర్చి పక్కన రేకుల కప్పు కింద పోటీ. ఎండకు రేకులు టపటపమంటున్నాయి. టేర్యో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని జొవానీ మూలకు సరిగ్గా వెనక, తాడుకు మూరెడు దూరంలో కూర్చున్నాడు.

మొదటి అయిదు రౌండ్లూ జొవానీవే. ఎడమ చెయ్యి సూదిలా గుచ్చుకుంటోంది. మలూబాయ్ మొండి మనిషి. దెబ్బ తిన్న ప్రతిసారీ ఒక అడుగు ముందుకే వేస్తాడు. టేర్యో లేచి నిలబడ్డాడు. "కడుపులో కొట్టరా! కడుపులో!" అని అరిచాడు. నిన్నటి భయం, గొయ్యి, కొవ్వొత్తి అన్నీ మరిచిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఇంత మంచి పోటీ తన ఊళ్లోనే, తాను కత్తిరించిన తలతో జరుగుతోంది. అందుకే అతనికి అంత ఆనందం.

ఆరో రౌండు చివర మలూబాయ్ కుడి చెయ్యి ఒకటి తగిలింది. పెద్ద దెబ్బ కాదు. జొవానీ నవ్వుతూనే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఓందో సీసా ఎత్తి వాడి నెత్తి మీద నీళ్లు పోశాడు.

నీళ్లు నెత్తి మీద ఆగలేదు. జుట్టు తడవలేదు, చెవుల మీదుగా కారలేదు. తిన్నగా కిందికి పడి భుజాల మధ్య గుంటలో చప్పుడు చేశాయి. ఓందో స్పాంజి తీసుకుని గాలిని తుడుస్తున్నాడు, ఎంతో జాగ్రత్తగా, కన్ను ఉండాల్సిన చోట మెల్లగా అద్దుతూ. "వాడి కుడి చెయ్యి చూసుకో, మిగతాదంతా నీదే" అని ఆ గాలికే చెబుతున్నాడు.

గంట కొట్టారు. తల లేని మనిషి లేచి వెళ్లాడు.

టేర్యో చుట్టూ చూశాడు. వెయ్యి మంది అరుస్తున్నారు. ఒక్కడి మొహంలోనూ తేడా లేదు. రింగులో రెండు గ్లవ్స్ పైకి లేచి ఏమీ లేని చోటును కాపాడుతున్నాయి. మలూబాయ్ పిడికిలి ఆ చోటికి దూసుకెళ్లినప్పుడల్లా తడి గుడ్డను బండ మీద కొట్టిన చప్పుడు వస్తోంది. గాలికి దెబ్బ తగిలితే చప్పుడెలా వస్తుంది? జనం మాత్రం జొవానీ పేరే జపిస్తున్నారు. వాడు గెలుస్తున్నాడు.

"ఓందో! ఆపెయ్! ఆపమను!"

"ఏంటి ఆపేది? మూడు రౌండ్లు కాపాడుకుంటే జపాన్!"

"తల లేదురా వాడికి!"

"కూర్చో నోంగ్, నీ పుణ్యముంటుంది!"

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో కూడా టేర్యోకు చూడాలనే ఉంది. ఏడో రౌండు ఎలా ముగుస్తుందో, మలూబాయ్ పడతాడో లేదో తెలుసుకోవాలని ఒంట్లో ఒక ముక్క గింజుకుంటూనే ఉంది. ఆ ముక్కను చూసి అతనికి అసహ్యం వేసింది. డోమెర్‌ను మింగింది అదే.  ఒంటి మీది చొక్కాను రెండు చేతులతో లాగితే గుండీలు ఎగిరిపోయాయి. తెల్ల చొక్కా ఉండ చుట్టి, ఓందో భుజం మీదుగా రింగులోకి విసిరాడు.

రిఫరీకి కనిపించింది ఒక్కటే. జొవానీ మూలలోంచి తెల్ల గుడ్డ వచ్చి పడింది. శిక్షకుడు ఓటమి ఒప్పుకుని తువ్వాలు విసిరాడనుకున్నాడు. ఇద్దరి మధ్యకూ దూకి చేతులు ఊపేశాడు. అయిపోయింది.

 జనంలోంచి సీసాలు ఎగిరాయి. బనీనుతో నిలబడ్డ టేర్యో నెత్తిన ఒకటి, వీపున రెండు తగిలాయి. తనకవి ఆనలేదు. తాడు పట్టుకుని కిందికి వంగి తనవైపే చూస్తున్న జొవానీ మొహం కనిపిస్తోంది. వాచిన పెదవి, ముక్కులోంచి నెత్తురు, నమ్మలేక పెద్దవైన కళ్లు. మొత్తం తల, చెవులతో సహా.

"ఏం చేశారు నోంగ్?" అన్నాడు జొవానీ. "నేను గెలుస్తున్నాను కదా?"

రిఫరీ నిర్ణయం మారలేదు. గుడ్డ నీ మూలలోంచే వచ్చిందిగా అన్నారు ఓందోతో.

ఆ తర్వాత టేర్యో బతుకు మీకు చెప్పనక్కర్లేదు. జనం పక్క ఊరికి జీప్నీ బండి ఎక్కి వెళ్లి కటింగ్ చేయించుకున్నారు. సెలూన్ అద్దం మీద ఎవరో తారుతో "జపాన్ దొంగ" అని రాశారు. ఆదివారాలు టీవీ ముందు అతనూ సిద్రా ఇద్దరే కూర్చునేవాళ్లు. జొవానీ ఆ వీధిలోకి రావడం మానేశాడు. సముద్రం ఒడ్డున చుట్టు తిరిగి వెళ్లేవాడు. టేర్యో వీటికి పెద్దగా బాధపడలేదు. దూరంగా ఇసుకలో వెళుతున్న జొవానీ కనిపిస్తే గుమ్మంలో నిలబడి, మెడ పైన నల్లటి జుట్టు కనిపించేదాకా చూసి, లోపలికి వచ్చి కత్తెరలు తుడుచుకునేవాడు.

మే నెలలో జొవానీ బదులు మలూబాయ్ జపాన్ వెళ్లాడు. తొమ్మిదో రౌండులో మామూలు దెబ్బ ఒకటి తిని, తన మూలకు నడిచి వచ్చి, స్టూలు మీద కూర్చుని మళ్లీ లేవలేదు. అక్కడి ఆసుపత్రిలో ఎనిమిది రోజులుండి చనిపోయాడు.

ఆ వార్త రేడియోలో వచ్చిన పూట జొవానీ తల్లి వేడివేడి బుద్‌బుద్ బుట్టెడు పట్టుకుని సెలూన్‌కు పరిగెత్తుకొచ్చింది. టేర్యో రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"నిన్ను తిట్టిన నోరు కాలిపోను నోంగ్! నా బిడ్డని బతికించావు. ఆ చావు వాడికి రావాల్సింది."

ఊరు కూడా వెనక్కి వచ్చింది. మరునాటికి బెంచీ నిండింది. అద్దం మీది తారును బెంహో స్వయంగా కిరసనాయిలు పెట్టి తుడిచాడు. ఇప్పుడు టేర్యోను చూసే చూపులో గౌరవంతో పాటు ఇంకేదో ఉంది. కుర్చీలో కూర్చున్నవాడు ముందు అద్దంలో టేర్యో కళ్ల వైపు చూసేవాడు, ఆ కళ్లు తన మొహం మీద ఆగాయా లేదా అని.

టేర్యో ఆ బుద్‌బుద్ ముట్టలేదు. రాత్రి మంచం మీద సిద్రాతో అన్నాడు.

"నేను చూసింది జొవానీని కాదే."

"మరెవర్ని?"

"ఆ తూకం ఎక్కినవాణ్ని. ఆ స్టూలు మీద కూర్చున్నవాణ్ని. జపాన్ వెళ్లాల్సినవాడికి తల లేదు. జొవానీని లాగేశాను, ఆ ఖాళీలోకి మలూబాయ్ వచ్చి నిలబడ్డాడు. వాడికీ తల్లి ఉండే ఉంటుంది."

సిద్రా శిలువ గుర్తు వేసుకుంది. 

ఆగస్టులో ఒక మధ్యాహ్నం సెలూన్ ఖాళీగా ఉన్న వేళ జొవానీ వచ్చాడు. ఆరు నెలల తర్వాత అదే రావడం. వాకిట్లో ఓందో ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. జొవానీ అడక్కుండానే కుర్చీలో కూర్చున్నాడు. టేర్యో గుడ్డ దులిపి వాడి ముందర కప్పి, మెడ వెనక ముడి వెయ్యడానికి వంగాడు.

"మళ్లీ పిలిచారు నోంగ్, జపాన్ వాళ్లు," అన్నాడు జొవానీ. "వాళ్లకి రావాల్సినవాడెవడో చెయ్యి విరగ్గొట్టుకున్నాడంట. పదిహేను రోజులే టైముంది. అమ్మ వద్దంటోంది. మీరు చూసి చెబితే వెళ్లమంది."

టేర్యో చేతులు ముడి దగ్గరే ఆగిపోయాయి. కళ్లు ముడి మీదే ఉన్నాయి. పైకి ఎత్తితే చాలు, తెలిసిపోతుంది.

"మీ మీద కోపం లేదిప్పుడు. ఒట్టు. ఒకసారి అద్దంలోకి చూడండి. ఉందా, లేదా?"

ఉందంటే వీడు వెళతాడు. లేదంటే వీడు వెళ్లడు, విమానం మాత్రం వెళుతుంది. చొక్కా విసిరి పోటీ ఆపగలిగాడు గానీ, ఆ టికెట్టును ఆపడం తన వల్ల కాదు. డోమెర్ తల్లి, మలూబాయ్ తల్లి, ఇప్పుడు బుద్‌బుద్ అమ్ముకునే ఈ తల్లి.  ఇప్పుడు తాను కాపాడగలిగిన తల్లి ఈమె ఒక్కతే. అందుకని తల వంచుకునే ఉండి చెప్పాడు.

"లేదు డోంగ్."

"మీరు చూడనే లేదు నోంగ్."

"చూడను. లేదు. వెళ్లకు."

 జొవానీ మెల్లగా ముడి తనే విప్పుకుని, గుడ్డ మడిచి కుర్చీ చేతి మీద పెట్టాడు. ఒంటి మీది చొక్కా కూడా విప్పేసి ఆ గుడ్డ పక్కనే పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా తల్లి బుద్‌బుద్ అమ్మే చోటు వైపు నడిచి వెళ్లాడు.

గుమ్మంలోంచి ఓందో లోపలికి తొంగిచూసి, ఆ చొక్కా చూసి, అడగకుండానే అర్థం చేసుకున్నాడు. నిట్టూర్చి మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"వీడు కుదరదంట. పర్లేదు, ఇంకొకడున్నాడు. నూట పద్నాలుగుంటాడు, పదిహేను రోజుల్లో దించేస్తా. పేరు రాసుకోండి." తర్వాత ఒక్కో అక్షరం విడివిడిగా, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

మూడో అక్షరానికే టేర్యోకు అది ఎవరి పేరో తెలిసిపోయింది. బేకరీ బెంహో కొడుకు. వాడి పుట్టుజుట్టు తీసింది కూడా తనే.